వేలికి తగిలే హెచ్చరిక

ఈ సభకు పెద్దగా కూర్చున్న క్లైవ్ ఎంట్విజల్ గారికి, అంటే మన కాల్డర్‌షా కౌన్సిల్‌లో దుకాణాల తనిఖీ కమిటీ అధ్యక్షులూ, ఇప్పుడు మనం బఠానీలతో కలిపి లాగించిన, పిండిలో కూర కూరి కాల్చిన ఆ 'పై'లన్నిటికీ సృష్టికర్తా అయిన మాంసం కొట్టు క్లైవ్ గారికి. నాతో కలిసి పనిచేసి నా నస భరించిన ఆఫీసు మిత్రులకు. నన్ను గుమ్మంలో చూడగానే వెనక తలుపు ఎటుందా అని వెతుక్కునే అలవాటున్న వర్తక సోదరులకు, (నవ్వులు) సోదరీమణులకు. బింగో ఆపి మరీ మనకు ఈ క్లబ్బు హాలు ఇచ్చిన డెస్మండ్‌కు. ముందు బల్ల దగ్గర చెవులు రిక్కించుకుని కూర్చున్న విన్నీ సట్‌క్లిఫ్ గారికి మరీ ప్రత్యేకంగా, నమస్కారాలు.

మీరందరూ తలా కాస్త వేసుకుని నా రిటైర్మెంటుకు గోడ గడియారం కొన్నారు. చాలా బాగుంది. వంటింట్లో పెడతాను. కాకపోతే చిన్న మాట. మీరు చప్పట్లు కొడుతున్నంతసేపూ నేను దాని పెట్టె చదువుతున్నాను. 'బ్యాటరీలు ఇందులో ఉండవు' అని పక్కవైపు సన్నటి అక్షరాల్లో ఉంది. ఇచ్చినవాళ్ళెవరూ అది చదివినట్టు లేరు. (నవ్వులు) అందుకే ఇందాకటి నుంచి ఆ గడియారంలో ఇంకా నేను ఉద్యోగంలోకి చేరినప్పటి టైమే ఉంది.

నేను ఎవరో ఇక్కడ తెలియనివాళ్ళు లేరు గానీ, కొత్తగా ఊరికి వచ్చిన ఒకరిద్దరి కోసం చెబుతాను. నా పేరు బెవర్లీ ఓల్డ్‌రాయ్డ్. మా శాఖకు ఇప్పుడు ఏదో గంభీరమైన పేరుంది కానీ, ఈ ఊళ్ళో పెద్దవాళ్ళు ఇప్పటికీ నన్ను తూనికలు కొలతల బెవర్లీ అనే పిలుస్తారు. చేరిన కొత్తలో తక్కెడలు చూసేదాన్ని. క్లైవ్ గారి నాన్నగారి తక్కెడ కూడా చూశాను. ఏం తేలిందో ఈ శుభ సందర్భంలో చెప్పను. (నవ్వులు. క్లైవ్: 'చెప్పకు తల్లీ, ఆయన పోయాడు, నేనున్నాను!') సరే, చెప్పను. తర్వాత బొమ్మలు వచ్చాయి, బాణసంచా వచ్చింది, చివరి ఏళ్ళలో ఈ-సిగరెట్లు వచ్చాయి. వాటితోనే ఎక్కువ కాలం గడిపాను. ఒక్కసారి పీల్చి ఎరగను గానీ వాటి పెట్టెలు మాత్రం అటూ ఇటూ తిప్పి, పైకీ కిందకీ పట్టుకుని, భూతద్దం పెట్టి చదివిన మనిషిని నేను.

ఇందాక క్లైవ్ గారు నా గురించి చాలా మంచిగా మాట్లాడారు. ఆయనకు నేనంటే అభిమానం, నాకూ ఆయనంటే అభిమానమే, చిన్నప్పుడు ఒకే బడిలో చదివాం, ఆయన నా పక్కన కూర్చుని నా లెక్కలు చూసి రాసేవాడు. (నవ్వులు) చివర్లో ఆయన ఒక మాట అన్నారు. 'ఎవరూ చదవని పెట్టెలు మా బెవ్ ముప్పై ఏళ్ళు చదివింది, ఇకనైనా కూర్చుని మంచి నవల చదువుకోనివ్వండి' అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే, గ్లాసు కింద పెట్టి, రాసుకొచ్చిన ఉపన్యాసం మడిచి సంచీలో పెట్టేశాను. ఎందుకంటే ఆ మాటకు జవాబు చెప్పకుండా వెళ్ళిపోతే ఆ గడియారం గోడ మీద నుంచి నన్ను రోజూ వెక్కిరిస్తుంది.

మీకు తెలియని సంగతి కాదు. వచ్చే మంగళవారం క్లైవ్ గారి కమిటీ చేతులెత్తి ఒక విషయం తేల్చబోతోంది. నేను వెళ్ళాక నా కుర్చీలో ఎవరినీ కూర్చోబెట్టరట. దుకాణాలకు వెళ్ళి చూడటం ఇక ఉండదట. దుకాణదారులే ఒక కాగితం మీద 'మా దగ్గర అన్నీ సక్రమంగా ఉన్నాయి' అని టిక్కులు పెట్టి పంపిస్తే చాలునట. ఇన్నేళ్ళూ నాతో పాటు వానలో కొండలెక్కి దిగిన ఫరీదాను, పెట్టె చూడగానే అసలుదో నకిలీదో చెప్పగలిగే ఫరీదాను, కార్ల పార్కింగు విభాగానికి పంపిస్తారట. తల దించుకోకు ఫరీదా. నీ గురించి మంచే చెబుతున్నాను.

క్లైవ్ గారి వాదంలో అసలు పస లేదని నేను అనను. చదవనివాళ్ళు చదవరు. నల్లటి గీతల మధ్య 'ఇందులో నికోటిన్ ఉంది, దీనికి తొందరగా అలవాటు పడతారు' అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, అప్పటికే అలవాటు పడ్డవాడు దాన్ని పరపరా చించి లోపలి సరుకు తీసుకుంటాడు. వాడికి ఆ సంగతి పెట్టె చెప్పక్కర్లేదు. లేబుల్ వాడి కోసం కాదు. అందులో ఏముందో తెలియక చేతిలోకి తీసుకునే మనిషి కోసం. అలాంటి మనిషి మన ఊళ్ళో ఉండడని అనుకుంటున్నారా? సెయింట్ ఆస్వాల్డ్ చర్చి వేసవి సంతలో జరిగింది గుర్తు చేయనా? (వెనక బల్ల నుంచి మూలుగు) పాస్టర్ గారూ, మూలగకండి. మీ పేరు చెప్పకుండానే చెబుతాను.

ఆ సంతలో టికెట్టు తీస్తే బహుమతి వచ్చే బల్ల ఉంటుంది కదా, ప్రతి ఏడూ అదే జామ్ సీసాలూ, అదే స్నానం సబ్బులూ చేతులు మారుతూ తిరిగి వస్తుంటాయి. ఆ ఏడు ఎవరో ధర్మాత్ములు రంగురంగుల పెట్టె ఒకటి ఇచ్చారు. గులాబీ, పసుపు, ఆకుపచ్చ, పిల్లలు పుస్తకాల్లో గీతలు గీసే పెన్నుల్లాంటివి. పెట్టె మీద మామిడిపండు బొమ్మ నవ్వుతోంది. మన భాషలో ఒక్క ముక్క లేదు. పాస్టర్ గారు పాపం 'వాసన వచ్చే పెన్నులు, బలే ఉన్నాయే' అని టికెట్టు అంటించి ముందు వరసలో పెట్టారు. అవి ఎవరికి వచ్చాయి? రెండు జడల అమ్మాయికి. నేను కేకు కొనుక్కోవడానికి వెళ్ళి ఆ పిల్ల ఆ ఈ-సిగరెట్టు మూత నోటితో లాగుతుంటే చూశాను. నేను పరిగెత్తడం ఈ ఊరు మొదటిసారి చూసింది అప్పుడే. (నవ్వులు) నవ్వండి, నేనూ ఇప్పుడు నవ్వుతున్నాను. ఆ రోజు కేకు తినలేకపోయాను. పాస్టర్ గారు చదువుకున్న మనిషి, జాగ్రత్తపరుడు, ఆయన తప్పు వీసమంత లేదు. మిఠాయిలా అలంకరించుకుని, తన పేరు చెప్పుకోకుండా వచ్చిన వస్తువుది తప్పు.

అలాగని నేను ఈ సరుకుకు శత్రువును కాను. ఈ హాల్లో కొందరు నేను శత్రువును కావాలనుకుంటున్నారు, కొందరు కాకూడదనుకుంటున్నారు, ఇద్దరినీ నిరాశపరుస్తాను. సిగరెట్టు మానడానికి దీన్ని పట్టుకుని బయటపడ్డవాళ్ళు ఇక్కడే ఉన్నారు. వాళ్ళను లేనిపోని బూచితో బెదరగొడితే మళ్ళీ సిగరెట్టు దగ్గరికే పోతారు. పెట్టె ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, అంతే. ఎక్కువ వద్దు, తక్కువ వద్దు. తక్కెడ దగ్గర నేర్చుకున్న పాఠం అదే.

ఇక విన్నీ గారి సంగతి. అడిగే చెబుతున్నాను, ఆవిడ ఒప్పుకున్నారు. (విన్నీ: 'అంతా చెప్పవే, ఒక్క నా వయసు తప్ప!') చెప్పను, నాకు తెలియదు కూడా. విన్నీ గారు మిల్లులో పనిచేసే వయసు నుంచి సిగరెట్లు కాల్చారు. వంతెన పక్కన ఈ-సిగరెట్ల దుకాణం నడిపే గ్యారీ షాకిల్‌టన్ ఆవిడ అల్లుడు, అదిగో, గోడకు ఆనుకుని మాయమైపోదామని చూస్తున్నాడు. డాక్టరు దగ్గు చూసి కోప్పడ్డాక, అల్లుడు ఆవిడ చేతిలో ఈ-సిగరెట్టు పెట్టాడు. సిగరెట్టు పోయింది, దగ్గు తగ్గింది. మంచిదే. కానీ ఆవిడకు చూపు దాదాపు పోయింది. ఒక కన్ను పూర్తిగా, రెండో కంట్లో కాస్త వెలుగు. కిటికీ ఎటుందో తెలుస్తుంది. తలుపు దగ్గర మనిషి నిలబడితే నీడ తెలుస్తుంది. ఆ కాస్త వెలుగు నిలబడటానికి రోజూ పొద్దున్నే కంటి చుక్కలు వేసుకోవాలి.

కంటి చుక్కల సీసా ఎంతుంటుంది? చిటికెన వేలంత. ఈ-సిగరెట్టులో పోసే నికోటిన్ ద్రవం సీసా ఎంతుంటుంది? అదీ అంతే. ముక్కు కూడా అలాగే సన్నగా ఉంటుంది, నొక్కితే చుక్క పడుతుంది. రెండూ విన్నీ గారి వంటింట్లో, టీ డబ్బా పక్కన, ఒకే అలమరలో ఉంటాయి.

మరి ఇన్నాళ్ళూ ఆవిడ ఎలా గుర్తుపట్టేవారు? నికోటిన్ సీసా లేబుల్ మీద ఒక మూల ఖాళీగా కనిపిస్తుంది. అక్కడ అక్షరం లేదు, బొమ్మ లేదు, రంగు లేదు. మన కళ్ళకు ఏమీ లేదు. కానీ వేలు పెట్టి చూడండి, చిన్న త్రికోణం ఉబ్బెత్తుగా తగులుతుంది. 'ఇది ప్రమాదం' అని చూపులేనివాళ్ళకు చెప్పే అక్షరం అది. విన్నీ గారి లెక్క చాలా తేలిక. గరుకుగా తగిలితే పొగది, నున్నగా ఉంటే కంటిది.

ఒకరోజు పొద్దున ఆవిడ టీ పెట్టుకుని, చెయ్యి చాపి, నున్నటి సీసా తీసుకుని, తల వెనక్కి వాల్చి, మూత తిప్పారు. రాలేదు. టకటకమంది. ఆవిడ మాటల్లోనే చెప్పాలి. 'నా కంటి మందు మూత ఎప్పుడూ నాతో దెబ్బలాడదు. ఇదేంటి ఇలా పళ్ళు కొరుకుతోంది అనుకున్నా. ఏమయ్యా గ్యారీ, ఇలా రా అని కేకేశా.' గ్యారీ నోట్లో టోస్టుతో వచ్చాడు. అత్తగారి చేతిలో సీసా చూసి టోస్టు నేల మీద పడేశాడు. అది నికోటిన్. పిల్లలు తియ్యకూడదని నొక్కి తిప్పితేనే వచ్చేలా పెట్టిన మూత ఆ రోజు ఈ పెద్దావిడను ఆపింది. ముందు రోజు ఎవరైనా దాన్ని సరిగ్గా బిగించకుండా వదిలేసి ఉంటే, ఈ సాయంత్రం విన్నీ గారికి నేను ఎక్కడ నిలబడ్డానో కూడా తెలిసేది కాదు.

మంచినీళ్ళు ఇవ్వు డెస్మండ్.

గ్యారీ నాకు ఫోన్ చేశాడు. దాచుకోలేదు, ఆ ఒక్కదానికి అతనంటే నాకు గౌరవం. వెళ్ళేసరికి కౌంటరు మీద సీసాలన్నీ వరసగా పేర్చి నిలబడ్డాడు. 'మేడమ్, నన్ను ఏమన్నా అనండి, కానీ నేను ఒక్క అక్షరం మీద కూడా స్టిక్కరు అంటించలేదు. టోకు వర్తకుడు పంపిన కాగితంలో ముద్రించిన అక్షరాలేవీ కప్పకూడదని ఉంది. నేను కప్పలేదు. చూసుకోండి!' అన్నాడు. చూశాను. నిజమే. ధర స్టిక్కరు, దాని మీద 'రెండు కొంటే తగ్గింపు' అని ఇంకో మందపాటి స్టిక్కరు, ఎంతో శ్రద్ధగా, వంకర లేకుండా, ఒక్క అక్షరానికి కూడా తగలకుండా ఖాళీ జాగాలో అంటించాడు. ఆ ఖాళీ జాగాలోనే త్రికోణం ఉంది. మన కళ్ళకు అది ఖాళీ. వాళ్ళత్తగారికి ఆ సీసా మీద ఉన్న రాత మొత్తం అదొక్కటే.

ఆ మధ్యాహ్నం నేనూ ఫరీదా ఊరంతా తిరిగాం. వంతెన అవతల దుకాణం, బస్టాండు దగ్గర దుకాణం, పెట్రోలు బంకు, చివరికి పేపర్లు అమ్మే కొట్టు కూడా. ఎక్కడ చూసినా స్టిక్కరు అదే మూల! నిర్లక్ష్యంతో కాదు, బాబూ, బుద్ధిమంతులై! కాగితంలో చెప్పినట్టు అక్షరం కప్పకూడదని అందరూ ఒకే ఖాళీ వెతుక్కున్నారు. సాయంత్రానికి స్టిక్కర్లన్నీ సీసాల మీద నుంచి అలమర అంచుకు మారాయి.

ఇప్పుడు అధ్యక్షుల వారిని ఒకటి అడుగుతాను. ఆ రోజు మీ టిక్కుల కాగితం ఉండి ఉంటే అందులో ఏముండేది? 'ముద్రించిన హెచ్చరికలు కప్పబడకుండా ఉన్నవా?' ఉన్నవి. టిక్కు. గ్యారీ టిక్కు, బస్టాండు దుకాణం టిక్కు, అందరి టిక్కూ. ఒక్కరూ అబద్ధం ఆడినట్టు కాదు. కాగితాలన్నీ నిజమే చెప్పేవి, విన్నీ గారి కన్ను మాత్రం పోయేది. అది తెలియాలంటే ఎవరో ఒకరు దుకాణంలోకి వెళ్ళి, సీసా చేతిలోకి తీసుకుని, వేలు పెట్టి చూడాలి. నాకు కోపం వస్తోంది అనుకుంటున్నారా? వస్తోంది. ఇంకాస్త ఉండండి, తగ్గుతుంది.

లేబుళ్ళు ఎవరూ చూడరని అనే క్లైవ్ గారు, లేబుల్ వెయ్యకుండా ఒక్క రోజూ వ్యాపారం చేసి ఎరగరు. మీ పళ్ళెంలో మిగిలిన ముక్క ఎవరికైనా ఉంటే చూసుకోండి. పంది మాంసం 'పై'కి పిండిలో మూడు గాట్లు. చీజు, ఉల్లిపాయ 'పై'కి చిన్న పువ్వు. ఆయన తాత పెట్టిన గుర్తులవి, మన ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఫరీదా పంది మాంసం ముట్టదు. ఇన్ని పైల మధ్య ఎవరినీ అడగకుండా, వాసన చూడకుండా పువ్వున్నది తీసుకుని కొరికింది. ఎందుకు? క్లైవ్ ఎంట్విజల్ గుర్తు తప్పు పెట్టడని నమ్మకం. అవునా కాదా ఫరీదా? (ఫరీదా: 'అవును. రెండోది కూడా తిన్నాను!' నవ్వులు, చప్పట్లు) క్లైవ్, నువ్వు ఆమెకు ఇచ్చినదే నేను విన్నీ గారికి అడుగుతున్నాను. అంతకంటే ఏమీ లేదు.

ఒక్క నిమిషం ఇలా ముందుకు రండి అధ్యక్షా. రండి రండి, ఈ రోజు నా మాట కాదనకూడదు. విన్నీ గారూ, ఆ చేతిగుడ్డ ఆయన కళ్ళకు కట్టండి. గట్టిగా. (నవ్వులు. క్లైవ్: 'అమ్మో, ఈవిడ చేతికి బలం తగ్గలేదు!') మిల్లులో దారం ముడేసిన చెయ్యి అది.

ఇవిగో, ఎలాగైనా మీకు చూపించాలని సంచీలో వేసుకొచ్చిన రెండు సీసాలు. కంగారు పడకండి, నేను తెచ్చిన వాటన్నిటిలోనూ ఈ క్లబ్బు కుళాయి నీళ్ళే ఉన్నాయి. మూతలు తీసేశాను, పొద్దున్నే నిద్రమత్తులో అందరమూ మూతలు బిగిస్తామా? ఒకటి కంటి మందుది, ఒకటి నికోటిన్‌ది. ఏది ఏదో చెప్పండి. నెమ్మదిగా. వేలితో చూడండి.

(క్లైవ్: 'ఆగు, ఆగు... ఇదుగో, మూడు కోణాలు తగులుతున్నాయి. ఇది నికోటిన్. అదే కదా?' పెద్దగా చప్పట్లు)

అదే. శభాష్. బడిలో లెక్కల కంటే ఇందులో నయం. ఆ రెండూ ఇటివ్వండి. ఇప్పుడు ఇంకో రెండు. ఇందులోనూ అంతే, ఒకటి కంటిది, ఒకటి నికోటిన్. కాకపోతే ఈ నికోటిన్ సీసా మీద గ్యారీ పాత స్టిక్కర్లున్నాయి, శ్రద్ధగా, ఒక్క అక్షరం కప్పకుండా. చూడండి.

(క్లైవ్ చాలాసేపు తడుముతాడు. హాల్లో నవ్వులు మెల్లగా ఆగిపోతాయి.)

ఏమైంది క్లైవ్?

('రెండూ నున్నగానే ఉన్నాయి బెవ్.')

పొద్దున్నే లేచారు. టీ చల్లారిపోతోంది. కన్ను మండుతోంది. ఏది వేసుకుంటారు?

('ఏదీ వేసుకోను. నాకేం పిచ్చా? చూపున్నవాళ్ళు ఎవరో ఒకరు వచ్చి చూసి చెప్పేదాకా ఇలాగే కూర్చుంటాను.')

ఎవరు వస్తారు, క్లైవ్?

(క్లైవ్ రెండు సీసాలనూ ఆమె వైపు చాపుతాడు.)

ఆ గుడ్డ అప్పుడే విప్పకండి విన్నీ గారూ, నా మాటలు అయిపోవచ్చాయి. ఆ సీసాలు ఆయన కోటు జేబులో వేస్తున్నాను. మంగళవారం చెయ్యి ఎత్తేముందు ఆ జేబులో చెయ్యి పెట్టి చూసుకుంటే చాలు, ఇంకేమీ అడగను. ఇన్ని మాటలన్నానని నా మీద కోపంతో పైల ధర పెంచకండి.

ఈ ఉద్యోగం నాకు చాలా ఇష్టం. ఈ మాట ఆఫీసులో ఎప్పుడూ అనలేదు, జీతం తగ్గిస్తారేమోనని. (నవ్వులు) రేపటి నుంచి ఏదైనా దుకాణంలోకి వెళితే నేను మామూలు ముసలిదాన్ని, పెట్టె తిప్పి చూస్తే 'కొంటారా కొనరా' అంటారు. అది నాకు కష్టంగానే ఉంటుంది. నన్ను తిట్టుకుంటూనే తలుపు తీసిన వర్తకులకు, నా వెంట తడిసిన ఫరీదాకు, అల్లుడికి కేకేసిన విన్నీ గారికి, ఆ కేక విని దాచకుండా నాకు చెప్పిన గ్యారీకి, కళ్ళకు గంతలతో ఇంత ఓపిగ్గా నిలబడ్డ నా చిన్ననాటి స్నేహితుడికి, అందరికీ నా కృతజ్ఞతలు. గడియారానికి బ్యాటరీలు నేనే కొనుక్కుంటాను.

ఇక విప్పండి విన్నీ గారూ, ఆయనకు వెలుగు చూపించండి. నాకు సెలవు.